శనివారపు తెలికలవారు

బొంబాయికి దక్షిణమున, అలీబాగు చుట్టుపట్ల కొంకణ గ్రామములలో పూర్వము రెండు తెగల తెలికలవారుండిరి. ఒక తెగవారు సోమవారమునాడు గానుగ కట్టరు. అది శివునికి ప్రీతియైన దినమని ఎద్దును విప్పి మేతకు వదలుదురు. రెండవ తెగవారు సోమవారమునాడు యథాప్రకారము నూనె తీయుదురు గాని, శుక్రవారము ప్రొద్దు క్రుంకినది మొదలు శనివారము ప్రొద్దు క్రుంకువరకు గానుగ ముట్టరు; పొయ్యి రాజేయరు. ఎందుకని అడిగినచో, మా పెద్దలు చేయలేదు, మేమును చేయము అనుటయే వారి సమాధానము. ఊరివారు వీరికి ‘శనివార్ తేలీ’ అని పేరు పెట్టిరి. తమను గూర్చి తాము చెప్పుకొనునప్పుడు మాత్రము వారు ‘బెనె ఇజ్రాయేల్’ అనిరి. హీబ్రూ భాషలో దానికి ఇశ్రాయేలు సంతతి అని అర్థము.

ఒక మతము గ్రంథము లేకుండ, గురువు లేకుండ, దేవాలయము లేకుండ ఎన్ని తరములు నిలువగలదు? ఈ తెలికలవారి కథ ఆ ప్రశ్నకు ఒక సమాధానము.

వారిలో పరంపరగా వచ్చిన గాథ ఇది. క్రీస్తునకు పూర్వము రెండవ శతాబ్దమున, యూదయ దేశమును ఆంటియోకస్ అను గ్రీకు ప్రభువు పీడించుచున్న కాలములో, కొందరు ఓడ యెక్కి తూర్పు దిశగా వచ్చిరి. నవగావ్ తీరమున ఓడ రాళ్లకు తగిలి పగిలెను. ఏడుగురు పురుషులు, ఏడుగురు స్త్రీలు మాత్రము ఒడ్డు చేరిరి. గ్రంథములన్నియు సముద్రము పాలయ్యెను. మునిగిపోయినవారి దేహములను నవగావ్‌లోనే పాతిపెట్టిరి. ఈ గాథకు శాసనాధారము లేదు. ఏడుగురు, ఏడుగురు అను లెక్కయు కథల లెక్కవలెనే యున్నది. కాని 2016లో వెలువడిన జన్యు పరిశోధనము వీరి రక్తమున యూదుల అంశమును, భారతీయుల అంశమును రెండును కలవని చూపినది. ఎప్పుడో, ఎక్కడినుండియో కొందరు యూదులు ఆ తీరమునకు వచ్చిరనుట నిజము.

వచ్చినవారు కొంకణమున కలిసిపోయిరి. మాట మరాఠీ, కట్టు మరాఠీ. సమూయేలు సమాజీ యయ్యెను. యెహెజ్కేలు హసాజీ యయ్యెను. కిహీమ్ గ్రామమువారు కేహీమ్‌కర్‌లు, పేణ్ గ్రామమువారు పేణ్‌కర్‌లు, రోహా వారు రోహేకర్‌లు అయిరి. హీబ్రూ మరచిరి. మిగిలినవి నాలుగైదు మాత్రమే: శనివారపు విశ్రాంతి, శిశువునకు ఎనిమిదవ దినమున సున్నతి, కొన్ని ఆహార నియమములు, ‘షెమా’ అను ఒక ప్రార్థన, కొన్ని పండుగలు. పుట్టుకకు షెమాయే, పెండ్లికి షెమాయే, చావునకు షెమాయే.

పండుగల పేర్లు వినదగినవి. ఉపవాసముండి పాపక్షమాపణ వేడుకొను మహాదినమును యూద లోకమంతయు యోమ్ కిప్పూర్ అనును. వీరు దానిని ‘తలుపులు మూసెడి పండుగ’ అనిరి. ఆ దినమున తెల్లని వస్త్రములు కట్టి, తలుపు మూసికొని, పరులతో మాట లేకుండ ఇంటనే యుందురు. కొత్త ధాన్యముతో, కొబ్బరిపాలతో పాయసము వండు దినము ‘ఖీరు పండుగ’. యెరూషలేము దేవాలయ నాశమునకు దుఃఖించు దినమునకు వారి పేరు ‘బిరడ్యా పండుగ’. బిరడా యనగా మొలకెత్తించిన అనపగింజల కూర. అన్నిటికంటె విచిత్రమైనది పస్కా. ఆ పండుగ ఎనిమిది దినములు పులిసిన వస్తువేదియు ఇంట నుండరాదని ధర్మశాస్త్రము. వీరికి శాస్త్రము తెలియదు. అయినను ఇంటిలో పులిసిన రసముండు మట్టికుండ, అనగా మన తరవాణి కుండ వంటిది, ఒకటి యుండెడిది. దానిని ఆ ఎనిమిది దినములు మూసి యుంచెడివారు. పండుగ పేరే ‘కుండ మూసెడి పండుగ’. శాస్త్రము పోయినను వంటింటిలో మూత మిగిలినది! శాస్త్రమును పండితులు కాపాడుదురని మనము తలతుము. ఇక్కడ దానిని ఇల్లాండ్రు కాపాడిరి.

దావీదు రహబీ యనువాడు వచ్చి వీరిని గుర్తుపట్టిన కథలోను పరీక్ష వంటింటనే జరిగినది. ఇతడు వేయి సంవత్సరములకు పూర్వపువాడని వారిలో కొందరి నమ్మకము. కొచ్చిన్‌లో డచ్చివారి వర్తక వ్యవహారములు చూచిన రహబీ కుటుంబమువాడని, పదునెనిమిదవ శతాబ్దమువాడని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. ఈ రెండవ మాటయే సమంజసముగా తోచుచున్నది. అతడు రకరకముల చేపలు తెచ్చి స్త్రీల ముందుంచి వండుమనెను. వారు రెక్కలును పొలుసులును గల చేపలను ఏరి, తక్కినవి మేము తినమని ప్రక్కన పెట్టిరి. ధర్మశాస్త్రము చెప్పినది సరిగా అదియే. అంతట రహబీ సంశయము తీరి, ముగ్గురు యువకులకు హీబ్రూ నేర్పి, కాజీలుగా నియమించి పోయెనని చెప్పుదురు.

పదునెనిమిదవ శతాబ్దమున వీరు గ్రామములు విడిచి బొంబాయి చేరసాగిరి. కుంఫిణీ పటాలములలో చేరి పేరు తెచ్చుకొనిరి. సమాజీ హసాజీ దివేకర్ అట్టివాడు. మైసూరు యుద్ధములో టిప్పు సేనలకు చిక్కెను. ఖురానులో ‘బనీ ఇజ్రాయీల్’ అను పేరు కలదు గనుక, ఖైదీ తాను ఆ జాతివాడనని చెప్పగా టిప్పు తల్లి ప్రాణభిక్ష పెట్టించెనని కథ. విడుదలయి వచ్చి, మ్రొక్కుబడిగా 1796లో బొంబాయిలో తనవారికి మొదటి ప్రార్థనాలయమును కట్టించెను. దానిలో నుంచుటకు ధర్మశాస్త్రపు చుట్టలు కావలెను. వాటికొరకు కొచ్చిన్ వెళ్లి, 1797లో అక్కడనే మరణించెను.

పంతొమ్మిదవ శతాబ్దమున విద్య వచ్చినది. అది వచ్చిన మార్గము తమాషాగా నుండును. కొచ్చిన్ నుండి యూద గురువులు వచ్చి ప్రార్థనలు నేర్పిరి. క్రైస్తవ మిషనరీలు బడులు పెట్టిరి. జాన్ విల్సన్ అను స్కాట్లండు పాదిరి మరాఠీలో హీబ్రూ వ్యాకరణమే వ్రాసెను. బెనె ఇజ్రాయేల్ వారు ఆ బడులలో చేరిరి, హీబ్రూ చదివిరి, పాత నిబంధనను మరాఠీలో చదివిరి. మతము మార్చుకొన్నవారు మాత్రము మిక్కిలి తక్కువ. పాదిరి వేసిన నారుతో తమ మడి నాటుకొనిరి.

1846లో పస్కా రాత్రి చదువు గ్రంథము మరాఠీ అనువాదముతో బొంబాయిలో అచ్చయ్యెను. 1874లో పూనాలో అచ్చయిన గ్రంథమునందలి బొమ్మలలో, పులియని రొట్టె చేయు స్త్రీలు మరాఠీ చీరకట్టుతోనే కానవత్తురు. 1875లో హయీమ్ సమూయేలు కేహీమ్‌కర్ తనవారికి బొంబాయిలో పాఠశాల స్థాపించెను. అతడే 1897లో తన జాతి చరిత్రను వ్రాసి ముగించెను. అచ్చు చూడకయే 1908లో మరణించెను. ఆ గ్రంథము 1937లో టెల్ అవీవ్‌లో వెలువడినది. వార్తలకు, వాదములకు తమ పత్రికలు వచ్చినవి. 1917లో ఆరంభమైన ‘ఇజ్రాయెలైట్’ మరాఠీలోను ఇంగ్లీషులోను నడచినది.

మన తెలుగువారికి మిక్కిలి దగ్గరగా తోచునది వారి కీర్తనము. మహారాష్ట్రమున హరిదాసులు నిలుచుండి తాళములతో పాడుచు, నడుమ నడుమ వచనము చెప్పుచు పురాణకథలు వినిపింతురు. ఆ పద్ధతియే తంజావూరు మీదుగా దక్షిణమున వ్యాపించి హరికథకు పుష్టి నిచ్చెను. 1880 ప్రాంతమున బెనె ఇజ్రాయేల్ వారిలో కొందరు అదే ఫణితిలో అబ్రాహాము కథ, యోసేపు కథ, మోషే కథ చెప్పసాగిరి. ఆ దశాబ్దముననే మన ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగర ప్రాంతమున గజ్జె కట్టిరి. ఒకరి కథలో ధ్రువుడు, ఒకరి కథలో యోసేపు; తాళము మాత్రము ఒకే కుదురునుండి వచ్చినది.

మ్రొక్కు తీరినను, పెండ్లి తలపెట్టినను వీరు ‘మలీదా’ చేయుదురు. నీట తడిపిన అటుకులలో కొబ్బరికోరు, తీపి కలిపి, పండ్లును పుష్పములును పళ్లెరమున నుంచి, ఏలీయా ప్రవక్తను కీర్తించి పంచుకొందురు. ఏలీయా అలీబాగు చేరువ ఖండాలా గ్రామమున దిగి, అక్కడి రాతిమీద తన రథపు జాడ విడిచి ఆకాశమున కెగసెనని వారి విశ్వాసము.

చెప్పక తప్పని మాట ఒకటి యున్నది. ఈ చిన్న సమాజములోను తెల్లవారు, నల్లవారు అను భేదముండెను. తల్లి పరజాతి స్త్రీ యైన సంతతిని నల్లవారని వేరుపరచి, వారితో వియ్యమందకుండిరి. అటువంటి ప్రశ్నయే తరువాత తమ అందరికిని ఎదురుపడునని వారెరుగరు.

1948లో ఇజ్రాయేలు రాజ్యము ఏర్పడునాటికి భారతదేశమున వీరు రమారమి 20,000 మంది. అచటికి పోయినవారికి పెండ్లిండ్ల యొద్ద చిక్కు వచ్చినది. యూద ధర్మమున విడాకుల పత్రమునకు కఠిన నియమములున్నవి. సంతు లేని వితంతువు మరల పెండ్లాడవలెనన్న మరిది ఆమెను విధిప్రకారము విడువవలెను. గ్రంథము లేని కొంకణమున ఇవన్నియు జరిగినవా యని కొందరు రబ్బీలు శంకించిరి. మాలో విడాకులే అరుదు, ఇరుగుపొరుగు ఆచారమును బట్టి వితంతువులకు మరల పెండ్లి చేయు వాడుకయే లేదు, ఇక దోష మెక్కడిదని వీరు బదులు చెప్పిరి. 1962లో ప్రధాన రబ్బీల పీఠము బెనె ఇజ్రాయేల్ వధూవరుల పూర్వికులను తరములవెంట విచారింపవలెనని ఆదేశించెను. 1964 వేసవిలో వీరు యెరూషలేములో మన సత్యాగ్రహుల వలె బైఠాయించిరి. ఆగస్టు 17న ఇజ్రాయేలు పార్లమెంటు వీరు అన్ని విధముల సమానులైన యూదులని ప్రకటించెను. పీఠము కొంత వెనుదీసి, ఆదేశమునుండి ఆ సమాజము పేరు తొలగించెను. చేపలు ఏరి చూపిన స్త్రీలను ఒకనాడు రహబీ నమ్మినంత సులువుగా పీఠము నమ్మలేదు.

ఇప్పుడు వీరిలో అధికులు ఇజ్రాయేలులోనే యున్నారు. అక్కడను మలీదా పళ్లెరములో అటుకులు, కొబ్బరి యుండును. ‘మాయ్‌బోలీ’, అనగా మాతృభాష, అను పేరుతో మరాఠీ పత్రికయు వెలువడినది. భారతదేశమున మిగిలినవారు కొలది వేలు మాత్రమే. 2016లో మహారాష్ట్ర ప్రభుత్వము యూదులకు అల్పసంఖ్యాక వర్గపు గుర్తింపు నిచ్చినది. అలీబాగులో వారి వీధికి ఇంకను ఇజ్రాయేల్ ఆళీ యనియే పేరు. సామూహిక ప్రార్థనకు పదిమంది పురుషులు కావలెను. కొంకణ గ్రామములలో ఆ పదిమందిని కూర్చుట ఇప్పుడు సులభము కాదు.