నోటి క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ జన్యువు

ఈజీఎఫ్ఆర్ అనేది కణం పైపొరలో ఉండే ఒక గ్రాహక ప్రోటీన్ పేరు. దాన్ని తయారుచేయించే జన్యువుకూ అదే పేరు. ఈ జన్యువు ఏడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. చర్మంలోనూ నోటి లోపలి పొరలోనూ ఉండే కణాలకు పెరగమనీ, విభజన చెందమనీ కబురు అందించే దారుల్లో ఇది ముఖ్యమైనది. నోటి క్యాన్సర్ కూడా చేరే తల, మెడ స్క్వామస్ క్యాన్సర్లలో 80 నుంచి 90 శాతం దాకా ఈ జన్యువు మితిమీరి వ్యక్తమవుతుంది. అందుకే పరిశోధకులు దీన్ని జబ్బు తీవ్రతకు గుర్తుగానూ, మందుకు గురిగానూ ఎంచుకున్నారు. గురిగా కొంత ఫలితం దక్కింది. మందు ఎవరికి పనిచేస్తుందో చెప్పే గుర్తుగా మాత్రం ఇది విఫలమైందనే అనాలి.

దీని చరిత్ర ఎలుక లాలాజల గ్రంథితో మొదలవుతుంది. ఆ గ్రంథి నుంచి తీసిన సారాన్ని అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలకు ఎక్కిస్తే వాటి కళ్లు ముందే తెరుచుకోవడం, కోతపళ్లు తొందరగా రావడం అమెరికా శాస్త్రవేత్త స్టాన్లీ కోహెన్ గమనించాడు. అందుకు కారణమైన ప్రోటీన్‌ను వేరుచేసి 1962లో ప్రకటించాడు. అదే ఈజీఎఫ్. రీటా లెవీ మోంటాల్చినీతో కలిసి 1986లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఈజీఎఫ్ వచ్చి అతుక్కునే గ్రాహకమే ఈజీఎఫ్ఆర్. కోళ్లలో రక్త క్యాన్సర్ తెచ్చే ఒక వైరస్ జన్యువుకూ దీనికీ దగ్గరి పోలిక ఉందని 1984లో తేలింది. దాంతో క్యాన్సర్ పరిశోధకుల చూపు ఇటు మళ్లింది.

కణితుల్లో ఈ జన్యువు ఎంత చురుగ్గా ఉందో కొలిచే పని 1990లలో ఊపందుకుంది. పిట్స్‌బర్గ్‌లో జెన్నిఫర్ గ్రాండిస్ బృందం 1993లో ప్రచురించిన అధ్యయనంలో తల, మెడ కణితుల్లో ఈజీఎఫ్ఆర్ ఎంఆర్ఎన్ఏ (జన్యువు నుంచి ప్రోటీన్ తయారీకి కబురు మోసే అణువు) బాగా ఎక్కువగా కనిపించింది. అదే రోగుల్లో పైకి ఆరోగ్యంగా కనిపించే పొరలోనూ అది పెరిగే ఉంది. ఈ ప్రోటీన్ ఎక్కువున్న రోగులు తక్కువకాలం బతుకుతున్నారని 1998లో అదే బృందం చూపింది.

మందు ప్రయత్నం అంతకుముందే మొదలైంది. జాన్ మెండెల్‌సన్, గోర్డన్ సాటో 1980ల మొదట్లో కాలిఫోర్నియాలో ఈ గ్రాహకాన్ని మూసేసే ఎలుక యాంటీబాడీని తయారుచేశారు. దాన్ని మనిషి ఒంటికి సరిపడేలా మార్చగా వచ్చిందే సెటుక్సిమాబ్. రేడియేషన్‌తో కలిపి ఇస్తే మధ్యస్థ (మీడియన్) ఆయుర్దాయం 29.3 నెలల నుంచి 49 నెలలకు పెరిగిందని 424 మందిపై జరిగిన పరీక్ష 2006లో వెల్లడించింది. అదే ఏడాది అమెరికా ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ తల, మెడ క్యాన్సర్లకు దీన్ని అనుమతించింది. అయితే ఆ పరీక్షలో ఉన్నవి గొంతు, స్వరపేటిక కణితులే. నోటి కణితులు లేవు. మన దేశంలో ఖైనీ, గుట్కా నమిలేవారికి ఎక్కువగా వచ్చేది బుగ్గ, చిగుళ్ల క్యాన్సర్. ఉత్తర కోస్తాలో అడ్డపొగ (చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని) తాగేవారికి అంగిట్లో వస్తుంది. వీరి విషయంలో ఆ అంకెలను జాగ్రత్తగా వాడుకోవాలి. నోటి కణితులను కూడా చేర్చుకున్న 2008 నాటి ఎక్స్‌ట్రీమ్ పరీక్షలో ముదిరిన జబ్బుకు కీమోతో కలిపి ఇస్తే ఆయువు 7.4 నెలల నుంచి 10.1 నెలలకే పెరిగింది.

అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. కణితిలో ఈజీఎఫ్ఆర్ ఎంతుందో కొలిచి చూస్తే, ఎక్కువున్నవారికి సెటుక్సిమాబ్ ఎక్కువ మేలు చేసిన దాఖలా ఎక్స్‌ట్రీమ్ రోగుల్లో కనబడలేదు. దాదాపు అందరిలోనూ ఉన్న లక్షణం ఎవరినీ విడదీసి చూపలేదు కదా! విచిత్రమేమిటంటే, రేడియేషన్ పరీక్ష రోగులను అయిదేళ్లపాటు గమనించినప్పుడు, మందు మొదలయ్యాక ఒంటిమీద దద్దుర్లు గట్టిగా వచ్చినవారే ఎక్కువకాలం బతికారని తేలింది. ప్రయోగశాల కొలత చెప్పలేనిది చర్మం చెప్పింది.

జబ్బు రాకుండా ఆపే ప్రయత్నమూ జరిగింది. నోట్లో క్యాన్సర్‌గా మారే మచ్చలుండి, ఆ కణాల్లో క్రోమోజోమ్ ముక్కలు పోయాయని తేలిన 150 మందిని ఎపాక్ పరీక్షకు తీసుకున్నారు. కొందరికి ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే ఎర్లోటినిబ్ మాత్ర, మిగిలినవారికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. 2016లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది. మూడేళ్లకు నోటి క్యాన్సర్ రానివారు ఎర్లోటినిబ్ వాడిన గుంపులో 70 శాతం, వాడని గుంపులో 74 శాతం. ముప్పు ఎవరికుందో ముందే చెప్పడంలో క్రోమోజోమ్ పరీక్ష మాత్రం నెగ్గింది.

భారతదేశంలో క్యూబా పరిశోధన నుంచి వచ్చిన నిమోటుజుమాబ్ అనే యాంటీబాడీని బయోకాన్ 2006లో విడుదల చేసింది. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో 536 మందిపై జరిపిన పరీక్ష ఫలితాలు 2019లో వెలువడ్డాయి. కీమో, రేడియేషన్‌లకు దీన్ని జోడిస్తే జబ్బు అదుపులో ఉండే కాలం పెరిగింది. మొత్తం ఆయుర్దాయంలో స్పష్టమైన తేడా నిరూపణ కాలేదు.

2016 తర్వాత పరిశోధకుల దృష్టి పీడీ-ఎల్1 అనే మరో ప్రోటీన్ వైపు మళ్లింది. అది కణితిలో ఎంత వ్యక్తమవుతోందో చూసి పెంబ్రోలిజుమాబ్ అనే మందును ఒక్కదాన్నే ఇవ్వాలో లేదో నిర్ణయించే పద్ధతి 2019లో అమెరికాలో ఆమోదం పొందింది. ఈజీఎఫ్ఆర్ కొలతకు దక్కని స్థానం దీనికి దక్కింది. అయినా ఎర్లోటినిబ్ మూలపడలేదు. మెథోట్రెక్సేట్, సెలెకాక్సిబ్, ఎర్లోటినిబ్ మాత్రలకు అలాంటి మరో మందు నివోలుమాబ్‌ను కేవలం 20 మిల్లీగ్రాములు జోడించిన టాటా మెమోరియల్ పరీక్ష ఫలితాలు 2022లో వచ్చాయి. నివోలుమాబ్ మామూలు మోతాదులో అది పదోవంతు కూడా కాదు. 151 మందిపై జరిగిన ఆ పరీక్షలో ఏడాది తర్వాత బతికున్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు. ఈజీఎఫ్ఆర్ కొలతను బట్టి ఆ రోగులను ఎంచుకోలేదు.