చిల్లా నలభై రోజులూ ఎవరి పని?



మా చెల్లెలి కూతురికి అమెరికాలో కాన్పు అయింది. వీసా దొరక్క చెల్లెలు వెళ్ళలేకపోయింది. పన్నెండో రోజు రాత్రి పిల్ల నాకు ఫోన్ చేసింది. "ఖాలమ్మా, బాబు బాగానే ఉన్నాడు. నాకే ఊరికే ఏడుపొస్తోంది. ఇక్కడ డౌలా అని ఒకామె ఉంది. గంటకింతని తీసుకుని ఇంటికొచ్చి చూసుకుంటుందట. పిలిపించుకోనా? అత్తమ్మ వాళ్ళు ఏమనుకుంటారో..." అత్తమ్మ సంగతి తర్వాత, ముందు పిలిపించుకో బేటా అన్నాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. మన ఇళ్ళల్లో చిల్లా పేరుతో నలభై రోజులు జరిగిన ఖిద్మత్ ఎక్కడికి పోయింది? గంటల లెక్కన కొనుక్కునే రోజు ఎట్లా వచ్చింది? ఆ తారీఖు కాస్త వెతుకుదామనిపించింది.

చిల్లా అన్న మాట ఫార్సీలో నలభైని చెప్పే 'చిహిల్' నుంచి వచ్చింది. సూఫీలు నలభై రోజులు ఒంటరిగా ఇబాదత్‌లో కూర్చోవడాన్నీ చిల్లా అనే అంటారు. జచ్చా కూడా ఒక గదిలోనే కూర్చుంటుంది, కానీ ఆమె చిల్లాలో ఒంటరితనం ఉండదు, ఉండకూడదు. ఇక షరీఅత్ లెక్క. నిఫాస్‌కు నలభై రోజులన్నది హజ్రత్ ఉమ్మె సలమా (రజి) రివాయత్‌లో ఉంది. హనఫీ ఫిఖ్‌లో అదే చివరి హద్దు, షాఫయీలు అరవై దాకా అంటారు. తక్కువలో తక్కువ ఇన్ని రోజులని మాత్రం ఎవరూ అనలేదు. రక్తం ఆగిపోతే పదో రోజైనా సరే, గుస్ల్ చేసి నమాజు మొదలుపెట్టాల్సిందే. అంటే నమాజు మాఫీ లెక్క వేరు, ఒళ్ళు కోలుకునే లెక్క వేరు. రెండూ ఒకే అంకె మీద వచ్చి కూర్చోవడంతో మన ఇళ్ళల్లో కలిసిపోయాయి.

ఒళ్ళు కోలుకునే లెక్కకు కూడా దీన్‌లో చోటు లేకపోలేదు. సూరా మర్యంలో బీబీ మర్యం ఖర్జూర చెట్టు కింద నొప్పులు పడుతున్నప్పుడు ఆమెకు అందినవేమిటో చూడండి. బాధపడకు అన్న ఓదార్పు ముందు, తర్వాత కాళ్ళ దగ్గర నీళ్ళు, తర్వాత తాజా ఖర్జూరాలు. పాలిచ్చే తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అని సూరా బఖరా చెబుతుంది. అది ఆమె హఖ్. మన మగవాళ్ళు దాన్ని మెహర్బానీ అనుకుంటారు, అది వేరే సంగతి.

ఇప్పుడు మన గడ్డ మీదికి వద్దాం. దక్కన్ ముసల్మానుల రస్మ్-ఓ-రివాజు మీద పాత పుస్తకం కావాలంటే ఎవరైనా 'ఖానూనె ఇస్లాం' పేరే చెబుతారు. 1832లో లండన్‌లో ఇంగ్లీషులో అచ్చయింది. రాసింది మన ఏలూరు మనిషి, జాఫర్ షరీఫ్. రాయించి, తర్జుమా చేసింది మద్రాసు సైన్యంలో సర్జన్‌గా ఉన్న హెర్క్‌లాట్స్ అనే డాక్టరు. తర్వాత 1921లో విలియం క్రూక్ దాన్ని మార్చి కూర్చి మళ్ళీ తెచ్చాడు. పుట్టుక నుంచి మౌత్ దాకా ఏ రస్మ్ ఎట్లా జరుగుతుందో వరసగా చెప్పే పుస్తకం అది. ఏడో నెల సత్వాసా, కాన్పు, ఛట్టీ, చిల్లా, అఖీఖా, అన్నీ ఉన్నాయి. ఏలూరు, గుంటూరు వైపు ఇళ్ళల్లో నేను చిన్నప్పుడు చూసినవి దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటి పుస్తకంలో కనబడితే ఒళ్ళు పులకరించింది.

కానీ చదువుతుంటే ఒకటి తట్టింది. రాసినవాడు మర్ద్, రాయించినవాడు మర్ద్. వాళ్ళకు కనబడింది గది బయట జరిగే జష్న్. రాత్రి మూడు గంటలకు జచ్చా పక్కన కూర్చున్నదెవరు, పాలు పడకపోతే ఏం చేశారు, ఆమె ఏడిస్తే ఎవరు ఏమన్నారు అన్నది ఆ గదిలో ఉన్న ఆడవాళ్ళకే తెలుసు. వాళ్ళు రాయలేదు.

నాకు తెలిసింది చెప్తాను. మా వీధికి ఒక దాయీ వచ్చేది. ఊరంతా ఆమెను దాయిమా అనేది. తెలుగు ఇళ్ళల్లో ఆమే మంత్రసాని. కాన్పు చేసి వెళ్ళిపోయేది కాదు. రోజూ పొద్దున్నే వచ్చి జచ్చా ఒళ్ళంతా నూనె పట్టించి, వేడి వేడి నీళ్ళు పోసి, నడుముకు పాత చీర బిగించి కట్టి, సాంబ్రాణి పొగ వేసేది. బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించేది. వంటింట్లో మా నానీ వాము, శొంఠి, బెల్లం, నెయ్యితో అచ్వానీ కాచేది. ఫుప్పు రాత్రి కాపలా. పొరుగింటి ఆపా పెద్ద పిల్లలకు అన్నం పెట్టేది. ఎవరి పని వాళ్ళకు తెలుసు. జచ్చాకు ఒక్కటే పని, తినడం, పాలివ్వడం.

ఇదంతా జన్నత్ అని నేననను. ముర్రుపాలు పిండి పారబోయించి బిడ్డకు ఘుట్టీ నాకించింది కూడా ఆ ఆడవాళ్ళే. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని దాహంతో మాడ్చారు. గాలి రాని గదిలో పొగ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ఔరతుల కోసం రాసిన 'బిహిష్తీ జేవర్‌'లో ఈ రివాజుల మీదే విరుచుకుపడ్డారు. రక్తం ఆగినా నలభై రోజులు నిండేదాకా నమాజు మానేయడం, జచ్చా తాకితే అంటు అన్నట్టు ఆమె గిన్నె వేరు పెట్టడం, ఇవేవీ దీన్ కావన్నారు. నిజమే. అయితే ఇస్లాహ్ పేరుతో కొందరు అంటుతో పాటు ఆరామ్‌ను కూడా రద్దు చేశారు. పదో రోజు గుస్ల్ చేసిందిగా, ఇక పొయ్యి దగ్గరికి రమ్మనే అత్తలను నేను చూశాను. గుస్ల్‌కూ గిన్నెలు తోమడానికీ ఏం సంబంధమో!

అటువైపు సర్కారూ దాయీ మీద పడింది. 1885లో లేడీ డఫరిన్ ఫండ్ మొదలైంది. పర్దా ఆడవాళ్ళకు ఆడ డాక్టర్లు, జనానా దవాఖానాలు వచ్చాయి. ప్రాణాలు నిలిచాయి, అందులో షక్ లేదు. దాయీలకు తాలీమ్ ఇవ్వాలన్నారు, ఆ మాటలోనే చావులన్నిటికీ ఆమే కారణమన్న ఇల్జామ్ ఉండేది. 1927లో కేథరిన్ మేయో 'మదర్ ఇండియా'లో ఆమెను భూతంలా చూపించింది. చాలాచోట్ల దాయీ తక్కువగా చూడబడ్డ కులాల మనిషి. చీర, బియ్యం, నేగ్ కింద నాలుగు రూపాయలు, అదే ఆమె జీతం. ఆమె తరఫున కలం పట్టినవాళ్ళు తక్కువ.

ఒక్క మాట చూస్తే ఈ తారీఖంతా తెలుస్తుంది. జచ్గీఖానా. ఒకప్పుడది ఇంట్లో బాలింత గది. ఇప్పుడు హైదరాబాదులో కాన్పుల దవాఖానా, నోటి వాడుకలో జజ్జీఖానా. గది దవాఖానాకు వెళ్ళిపోయింది. 2005లో జననీ సురక్షా యోజన వచ్చాక ఊళ్ళల్లో మిగిలిన కాన్పులు కూడా అటే నడిచాయి. మంచిదే. కానీ దవాఖానా కాన్పు తీసుకుంది, చిల్లా తీసుకోలేదు. రెండు మూడు రోజులకు డిశ్చార్జి. మిగతా ముప్ఫై ఏడు రోజులు ఎవరివి? 2011 నుంచి ఆశా కార్యకర్త మూడు, ఏడు, పధ్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజున ఇంటికొచ్చి బిడ్డను, తల్లిని చూడాలని లెక్క పెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బాలింత మరణాలను నలభై రెండు రోజుల దాకా లెక్కిస్తుంది. మన నానీల లెక్కకు రెండు రోజులే తేడా.

ఇక డౌలా. అమెరికాలో డేనా రఫేల్ అనే మానవశాస్త్రవేత్త పాలివ్వడం మీద పని చేస్తూ, తల్లికి పాలు పడాలంటే ఆ తల్లికే ఒక తల్లి కావాలన్న సంగతి పట్టుకుంది. అట్లాంటి మనిషికి 1973 నాటి తన పుస్తకంలో డౌలా అన్న గ్రీకు మాట వాడింది. ఆ మాటకు అర్థం సేవకురాలు, బానిస. అంటే మొదట్లో డౌలా కాన్పు గది మనిషి కాదు, కాన్పు తర్వాతి మనిషి. 1980లో గ్వాటెమాలాలో కొందరు డాక్టర్లు ఒక పరిశీలన అచ్చేశారు. నొప్పులు పడే తల్లి పక్కన తాలీమ్ లేని మామూలు ఆడమనిషి కూర్చుని చెయ్యి పట్టుకుంటే చాలు, నొప్పుల సమయం దాదాపు సగానికి తగ్గింది. మందు లేదు, మెషీను లేదు. మా దాయిమా వింటే నవ్వేది.

మా పిల్ల డౌలాను మధ్యాహ్నాలకు పెట్టుకుంది. వచ్చిన రెండో రోజే ఆమె, బిడ్డ సంగతి కాదు, నువ్వు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నావని అడిగిందట. ఏడుపు తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలని నెంబరు రాసిచ్చింది. ఇక్కడ మాత్రం బంధువుల్లో ఒకావిడ నజర్ తగిలిందని తావీజు పంపమంది. పంపలేదు.

నిన్న మళ్ళీ ఫోన్. ముప్ఫై ఏడో రోజు. "ఖాలమ్మా, మీ ఊళ్ళో బాలింతకు ఏం పెడతారని అడుగుతోంది. అచ్వానీ ఎట్లా చేయాలో చెప్పు, తను కాచి పెడుతుందట." వామును ముందు నెయ్యిలో వేయించాలని, బెల్లం పాకం పల్చగానే ఉండాలని చెప్పాను. గోంద్ దొరుకుతుందా అని అడిగితే, ఇండియన్ స్టోర్‌కు వాళ్ళాయనను పంపానంది.