సైనిక వస్త్రం, తెలుగు నేతగాడు: వర్లి చాళ్ల నుంచి కొన్ని మాటలు

ముంబయి తెలుగువారి చరిత్ర వ్రాసేవారు సాధారణంగా రెండుచోట్ల ఆగుతారు: కామాఠీపురలో ఒకసారి, వర్లి చాళ్లలో మరొకసారి. మొదటిది నగరానికి రోడ్లూ ఇళ్లూ కట్టినవారి కథ, రెండవది మిల్లుల్లో బట్ట నేసినవారి కథ. ఆ బట్ట ఎవరి ఒంటి మీదికి వెళ్లింది అన్న ప్రశ్న అంతగా వినిపించదు. చీరలు, ధోవతులు, దుప్పట్లతోపాటు సైన్యానికి కావలసిన ఖాకీ కూడా బొంబాయి మిల్లుల్లోనే తయారైంది. సిపాయి ఉడుపు సామాన్యుని ఉడుపుగా మారిన క్రమంలో మనవారి పాత్ర ఏమిటో ఈ వ్యాసంలో పరిశీలించదలచాము. భాషాశాస్త్రం మా వృత్తి గనుక మాటల వెంట నడుస్తాము.

మొదట ఒక పాత మాట. ఉత్తరాదిన 18వ శతాబ్దిలో 'తిలంగా' అంటే సిపాయి. సిపాయి అంటే ప్రతి సిపాయీ కాదు. యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్చి, ఇంచుమించు అదే పద్ధతిలో ఉడుపు తొడిగినవాడు. 1886లో వెలువడిన 'హాబ్సన్-జాబ్సన్' నిఘంటువు ఈ అర్థాన్నే నమోదు చేసింది. కారణం తేలికగానే ఊహించవచ్చు. 1756లో క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసుకువెళ్లిన కంపెనీ సిపాయిలలో తెలుగువారు ఉన్నారు. ఆ పేరు ముందు వారికి, తరువాత వారిలాగా దుస్తులు వేసుకున్న ప్రతివానికీ స్థిరపడింది. 1857 నాటి ఢిల్లీ ఉర్దూ పత్రాల్లో తిరుగుబాటు సిపాయిలు తిలంగాలే. వారిలో అత్యధికులు అవధ్, బీహారు ప్రాంతాలవారు, తెలుగు ఒక్క ముక్క రానివారు. ఒక దేశం పేరు ఇలా ఒక ఉడుపు పేరయింది. పైన ఎర్రకోటు, కింద తొడల వరకే వచ్చే జాంఘియా, ఇదీ తొలినాళ్ల సిపాయి వేషం. మన పాత నిఘంటువుల్లో 'చల్లడం' అని కనిపించేది ఆ జాంఘియా వంటిదే. పొడుగు ప్యాంటు సిపాయికి తరువాత దక్కింది.

ఎర్రకోటును వెనక్కి నెట్టినది ఖాకీ. పారసీకంలో 'ఖాక్' అంటే దుమ్ము. 1846లో పెషావరులో హారీ లమ్స్‌డెన్ గైడ్స్ దళాన్ని నెలకొల్పాడు. దుమ్మురంగు దుస్తులు ఆ దళంతోనే మొదలైనట్లు చెబుతారు. 1857లో చాలా పటాలాలు తమ తెల్ల డ్రిల్లు దుస్తులను దొరికిన రంగులో ముంచుకొని ఖాకీ చేసుకున్నాయి. ఇక్కడ విద్యార్థులకు ఒక మాట: ఈ 'డ్రిల్లు'కు బడిలో చేయించే డ్రిల్లుతో సంబంధం లేదు. బట్ట పేరు జర్మను భాష నుంచి వచ్చింది, మూడు పోగుల నేత అని దాని మూలార్థం. పడుగు, పేకలు ఒకదానినొకటి దాటే చోటు వరుస వరుసకూ పక్కకు జరగటంవల్ల బట్ట మీద ఏటవాలు గీతలు పడతాయి. సాదా నేతకన్న దళసరిగా ఉంటుంది, ముళ్లకు తొందరగా చిరగదు.

చిక్కు రంగుతో వచ్చింది. పటాలం పటాలానికీ ఖాకీ వేరుగా ఉండేది, ఉతికితే వెలిసేది. 1884లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ గాటీ వెలవని ఖాకీకి పేటెంటు పొందాడు. ఇనుము, క్రోమియం లవణాలను నూలుపోగులోనే స్థిరపరచటం అందులోని కీలకం. అప్పటినుంచి ఖాకీ పూర్తిగా యంత్రాల సరుకు. 1902లో బ్రిటిషు సైన్యం స్వదేశంలోని సేవా దుస్తులకు కూడా ఖాకీ రంగునే స్వీకరించింది.

బొంబాయిలో మొదటి నూలుమిల్లు స్థాపన 1854లో జరిగింది. కొన్ని దశాబ్దాలలోనే కరీంనగరు, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల నుంచి పద్మశాలీలు మిల్లుల నేతఖాతాలకు చేరారు. కొందరు నేరుగా వచ్చారు, కొందరు షోలాపురంలో కొన్నాళ్లు పనిచేసి వచ్చారు. రెండు ప్రపంచయుద్ధాలలోనూ సైన్యానికి వస్త్రం సరఫరా చేసిన మిల్లుల్లో బొంబాయివి ఉన్నాయి. 1939-45 మధ్య అవి రేయింబవళ్లు నడిచాయి.

మగ్గం నుంచి మిల్లుకు వచ్చిన నేతగానికి ఖాకీ ఒక వింత అనుభవమై ఉండాలి. గద్వాల చీరకు గద్వాల పేరు ఉంటుంది. అంచులో, కొంగులో నేసినవాని చేయి తెలిసిపోతుంది. ఖాకీ తానుకు కావలసిన గుణం ఒక్కటే: ముందు తానుకు భిన్నంగా ఉండకపోవటం. అదే ఛాయ, అదే బరువు, అదే వెడల్పు. నేతగాని నైపుణ్యమంతా కనబడకుండా పోవటానికే ఖర్చవుతుంది. దీనిని పతనమని తేల్చేసేవారున్నారు. మేము సంకోచిస్తాము. మగ్గాన్ని వదిలివచ్చినవాడు కళను కాదనుకొని రాలేదు, ఆకలికి వచ్చాడు. మిల్లు అతనికి నెలజీతం ఇచ్చింది, యూనియను ఇచ్చింది. నగరపాలక సంస్థ అతని పిల్లలకు తెలుగు బడి పెట్టింది. అయినా లెక్కలో ఒకటి మిగిలిపోతుంది, ఆ బట్ట మీద ఎవరి పేరూ లేదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని 'సాంచా' అంటారు. మగ్గం అన్న మాట నోట ఉండగానే ఈ రెండవ మాట పశ్చిమం నుంచి, వలస వెళ్లి తిరిగివచ్చినవారితో వచ్చింది. రెండు పనులూ ఒకటి కావని నేతగాడే మాటలు వేరుచేసి చెప్పాడని మా అభిప్రాయం.

నేసిన బట్ట కొంతకాలానికి నేసినవాని ఇంటికే వచ్చింది. వర్లి బీడీడీ చాళ్లు 1920లలో బొంబాయి డెవలప్‌మెంటు డిపార్టుమెంటు కట్టించినవి. గది సుమారు 160 చదరపు అడుగులు, నీళ్లూ మరుగుదొడ్లూ ఉమ్మడి. మిల్లు కార్మికులతోపాటు పోలీసు కుటుంబాలూ అక్కడ నివసించాయి. బస్సు కండక్టరు, తపాలా బంట్రోతు, పారిశుద్ధ్య కార్మికుడు, ఆటో డ్రైవరు, అందరికీ ఖాకీయే. మన ప్రాంతాల్లో 'యూనిఫారం' అనేదానిని ముంబయి తెలుగులో 'వర్ది' అంటారు. ఖాకీ వర్ది తొడిగినవానికి నెల మొదట్లో జీతం వస్తుందన్న భరోసా, పెళ్లిచూపుల్లో అదొక యోగ్యత. శత్రువు కంట పడకుండా ఉండటానికి సిపాయి ఎంచుకున్న రంగు, మురికి కంట పడదన్న గుణంవల్ల కార్మికునికి నచ్చింది. వాడకానికి ఒకే కొళాయి ఉన్నచోట ఇది చిన్న సంగతి కాదు.

స్వాతంత్ర్యం తరువాత సైన్యం ఆలివ్ ఆకుపచ్చకు మారింది, ఖాకీ పోలీసులకు మిగిలింది. ఈ తేడా వర్లిలో ఒకసారి కళ్లకు కట్టింది. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. బందోబస్తుకు ఖాకీ వచ్చింది. అదే ఏడు ఆగస్టు 18న ఆ ఖాకీయే తిరగబడింది. బొంబాయి పోలీసుల అలజడిలో మిల్లు కార్మికులు కూడా కలిశారు, ప్రభుత్వం సైన్యాన్ని పిలిచింది. నేసినవారు, తొడిగినవారు ఒకవైపు; ఆకుపచ్చ దుస్తులవారు మరొకవైపు.

మిల్లుల తరువాతి కథ చెప్పే ముందు డోంగ్రీకి వెళ్లాలి. కామాఠీపుర నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరమే. అక్కడ అమ్ముడుపోయిన ముతక బట్టకు 'డుంగ్రీ' అన్న పేరు వచ్చిందనీ, ఇంగ్లీషులోని 'డంగరీ' దాని రూపమేననీ సాధారణంగా చెప్పే వ్యుత్పత్తి. తెరచాపలకూ నావికుల దుస్తులకూ పనికివచ్చిన ఆ బట్ట పేరు తరువాత అమెరికా నౌకాదళపు నీలి పనిదుస్తులకు, అక్కడినుంచి వీధిలోని ప్యాంట్లకు చేరింది. 1970లలో మన సినిమా కథానాయకులు తొడిగిన బెల్‌బాటమ్ కూడా నావికుని ప్యాంటే. నరసాపురం దగ్గరి మాధవాయిపాలెం పేర 'మదపొల్లం' అన్న నూలుబట్ట ఉంది. రెండవ ప్రపంచయుద్ధంలో మస్కిటో విమానపు కర్రచట్రం మీద దానిని అతికించారు. పేర్లు ఇంతదూరం పోతాయి, నేసినవారు ఊళ్లోనే ఉండిపోతారు.

సమ్మె తరువాత మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. లోయర్ పరేలులో 1905 నాటి ఫీనిక్స్ మిల్లు ఉన్నచోట ఇప్పుడు పెద్ద అంగడి సముదాయం ఉంది. అటువంటి అంగళ్లలో అమ్మే ప్యాంట్లలో తొడల మీద జేబులున్నవి ఉంటాయి, 'కార్గో' అంటారు. 1938 నాటి బ్రిటిషు సైనిక దుస్తులలోనూ, 1942లో అమెరికా పారాచూటు దళాలకు కుట్టిన ప్యాంట్లలోనూ ఆ జేబుల పని తూటాలు, పటాలు, తిండిపొట్లాలు మోయటం. ఇప్పుడు వాటిలో ఫోను పెట్టుకుంటున్నారు. చాళ్ల స్థానంలో ఎత్తయిన భవనాలు లేస్తున్నాయి; 2025 ఆగస్టులో వర్లిలో మొదటి కుటుంబాలకు కొత్త ఇళ్లు అప్పగించారు.

2022 జనవరి 15న సైన్యం కొత్త పోరాట దుస్తులను ప్రదర్శించింది. ఆ మచ్చల నమూనాను నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీతో కలిసి రూపొందించి, హక్కులు తన పేర నమోదు చేసుకుంది. బయటివారు నేయటానికీ కుట్టటానికీ వీలులేకుండా ఒక సైనిక వస్త్రానికి ఇలా కంచె పడింది. ఖాకీకి అటువంటి కంచె ఎప్పుడూ లేదు.