ఎమ్మిగనూరు మగ్గాలు: నాయకత్వం, పనిలో చొరవ

గత భాగంలో మీరు నాయకత్వ శైలుల నిర్వచనాలు చదివారు. వాటిని ఇప్పుడు మన ప్రాంత చరిత్రలో పరిశీలిద్దాం. నందవరానికి పొరుగునే ఉన్న ఎమ్మిగనూరును ఉదాహరణగా తీసుకుందాం. (బనగానపల్లె వైపు చౌడేశ్వరీదేవి ఆలయమున్న నందవరం వేరు. జవాబు పత్రాల్లో ఈ రెండింటినీ కలిపేయడం నేను చాలాసార్లు చూశాను.)

1938లో మాచాని సోమప్ప చొరవతో ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం ఏర్పడింది. ఈ ప్రాంతం అప్పట్లో బళ్లారి జిల్లా ఆదోని తాలూకాలో ఉండేది. 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరింది. ఆ మరుసటి ఏడాదే సోమప్పకు పద్మశ్రీ లభించింది.

సంఘం ఎందుకు అవసరమైందో తెలియాలంటే సావుకారు పద్ధతిని అర్థం చేసుకోవాలి. నూలు సావుకారుదే. అంచు ఎంత, రంగు ఏది అన్నది అతడే చెబుతాడు. బట్ట తీసుకొని, పాత బాకీ పట్టుకొని, మిగిలిన మజూరీ ఇస్తాడు. ఆసు పోయడం, గంజి పెట్టడం, కండెలు చుట్టడం వంటి పనుల్లో ఇంటిల్లిపాదీ ఉంటుంది. లెక్కకు వచ్చేది మాత్రం నేసిన బట్టే. నేతగాడు సొంతంగా కొత్త అంచు వేస్తే, అది అమ్ముడుపోనప్పుడు ఆ నష్టం అతని నెత్తినే పడుతుంది. అందుకే పాతదే నేస్తాడు. అతనికి నేర్పు లేదనుకోవడం పొరపాటు.

సహకార పద్ధతిలో నూలు కొనుగోలు, అమ్మకం సంఘం చూసుకుంటుంది. నష్టభయం పదిమందిలో పంచుకోబడుతుంది. సభ్యునికి ఓటు ఉంటుంది. చొరవకు చోటు దొరికేది ఇక్కడే.

విచిత్రంగా, దాదాపు అదే కాలంలో అమెరికాలోని అయోవాలో కర్ట్ లెవిన్, రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్ పదేళ్ల పిల్లల బృందాలపై ప్రయోగాలు చేశారు. ఫలితాలు 1939లో వెలువడ్డాయి. నిరంకుశ నాయకుడు గది దాటగానే అతని బృందంలో పని సడలింది. ప్రజాస్వామిక నాయకుని బృందం మాత్రం అతడు లేకున్నా పని సాగించింది. అయితే ఆ పిల్లలకు బాకీలు లేవు, పస్తులు లేవు. అందువల్ల ఆ ఫలితాన్ని మగ్గం గుంటకు నేరుగా అన్వయించరాదని నా అభిప్రాయం. నేతగాని విషయంలో నాయకుని మాటతీరు కన్నా నూలు ఎవరి చేతిలో ఉందన్నదే ముందు ప్రశ్న.

సహకార సంఘం ఉన్నంత మాత్రాన స్వేచ్ఛ ఉన్నట్లు కూడా కాదు. 1976లో కేంద్ర ప్రభుత్వం జనతా వస్త్ర పథకం ప్రారంభించింది. పేదలకు చౌక బట్ట, నేతగానికి నిలకడైన పని దాని ఉద్దేశాలు. రెండూ మంచివే. కానీ బట్ట రకాన్ని పథకమే నిర్ణయించింది. సావుకారు పోయి, సంఘం వచ్చాక కూడా, ఏమి నేయాలో చెప్పే మాట మళ్లీ మగ్గం బయటి నుంచే వచ్చింది. ఈసారి కూలి ఆగలేదు గనుక చాలామంది దాన్ని గమనించలేదు.