గిరిజన మాతృభాషల్లో ప్రాథమిక విద్య

ఇంట్లో సవర, గోండి, కోయ, కొలామి వంటి భాషలు మాట్లాడే పిల్లలకు తొలి చదువు ఆ భాషలోనే చెబుతూ, వారి కథలను, పాటలను, పండుగలను పాఠాలుగా మలచి క్రమంగా తెలుగులోకి నడిపించే బోధన విధానాన్ని మాతృభాషాధారిత బహుభాషా విద్య అంటారు.

తెలుగువారిలో దీనికి తొలి బాట వేసినవాడు గిడుగు వెంకట రామమూర్తి (1863–1940). వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే ఆయనను తలచుకోవడం వాడుకైపోయింది గాని, పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవర నేర్చి, తెలుగు లిపిలో సవర వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టించిన కృషి అంతకు ముందే మొదలైంది. ఆయన సవర వ్యాకరణం 1931లో వెలువడింది. సవర పిల్లలకు సొంత భాషలో చదువు ఎందుకు కావాలో లెక్కల్లోనే తెలుస్తుంది: పెద్దల నోట వినిపించే సంప్రదాయ సవర లెక్క తెలుగు లెక్కలా పదుల మీద నడవదు. పదమూడును ‘పన్నెండు-ఒకటి’గా, పంతొమ్మిదిని ‘పన్నెండు-ఏడు’గా చెప్పి, ఇరవై దాటాక ఇరవైల మీద సాగి, ముప్పై రెండును ‘ఇరవై-పన్నెండు’ అంటుంది. ఇంట్లో ఇలా లెక్కించడం విన్న పిల్లకు ఎక్కాల పుస్తకం పరాయిగా తోస్తే, ఆ లోపం పిల్లది కాదు.

గోండుల మధ్య ఈ ప్రయత్నానికి వెనక ఒక తిరుగుబాటు ఉంది. దాని నాయకుడు కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో మరణించాక, నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతుల అధ్యయనాన్ని అప్పగించిన మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ చొరవతో, ఆదిలాబాద్ ప్రాంతంలోని మార్లవాయిలో 1943లో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. వారి వాచకాలు దేవనాగరి లిపిలో గోండి భాషలో తయారయ్యాయి.

ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు సౌకర్యాలు కల్పించాలని కోరే 350-ఎ అధికరణం 1956లో రాజ్యాంగంలో చేరింది. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎనిమిది భాషల్లో, అంటే గోండి, కొలామి, కోయ, బంజారా, సవర, కొండ, కువి, ఆదివాసీ ఒడియాల్లో, వాచకాలు తెచ్చింది 2000 తర్వాతి దశకంలోనే. వీటికి తెలుగు లిపినే వాడారు. తెలుగు బడిలోకి మారడం దానివల్ల సులువైంది గాని, సవరలో గొంతు బిగపట్టి పలికే ధ్వనికి అందులో అక్షరం లేదు.

ఈ పథకం ఒక బడిలో ఒకే గిరిజన భాష ఉంటుందన్న ఊహ మీద నిలిచింది. అరకు వైపు ఒకే గదిలో కొండ, కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లలు కలిసి కూర్చోవచ్చు. అక్కడ సంతలో అందరినీ కలిపేది ఆదివాసీ ఒడియా. దాన్నే బోధన భాషగా ఎంచుకుంటే పని తేలికవుతుంది, కువి పిల్లకు మాత్రం అది కూడా రెండో భాషే.