పిస్తోలు ప్రైమర్లు

పేలిన తూటా గుల్లను మళ్లీ నింపి వాడుకోవడం అమెరికా షూటర్లకు పాత అలవాటు. గుల్ల అడుగున కూర్చునే చిన్న లోహపు గిన్నె ప్రైమర్. ఫైరింగ్ పిన్ దెబ్బకు అందులోని లెడ్ స్టిఫ్నేట్ మిశ్రమం భగ్గుమని మందును అంటిస్తుంది.

అక్కడ వాడుకలో ఉన్నది బాక్సర్ రకం. గుల్లకు మధ్యలో ఒకటే రంధ్రం ఉంటుంది కాబట్టి పాత ప్రైమర్‌ను తేలిగ్గా తోసేయవచ్చు. విచిత్రంగా దాన్ని రూపొందించిన బాక్సర్ బ్రిటిష్ సైనికాధికారి. ఐరోపాలో పాతుకుపోయిన రకాన్ని రూపొందించిన బెర్డాన్ అమెరికన్.

ఎంపికలో మొదట చూడాల్సింది కొలత: చిన్నది 0.175 అంగుళాలు, పెద్దది 0.210. .45 ఏసీపీ గుల్లలు రెండింటికీ దొరుకుతాయి, కలిసిపోతే చిక్కే. ఫెడరల్ కంపెనీ ప్రైమర్లు తేలిక దెబ్బకే పేలతాయని పేరు. స్ప్రింగు సడలించిన రివాల్వర్లకు అవే నమ్మకం. సీసీఐ కంపెనీ ప్రైమర్ గిన్నె కాస్త గట్టిది.

ప్రైమర్ రకం మారితే పీడనమూ మారవచ్చు. అప్పుడు మందు తగ్గించి, ప్రచురిత పట్టిక ప్రకారం మళ్లీ మొదలుపెట్టాలి.