జమానతు ఎవరిది? ఉత్తర తెలంగాణలో కుటుంబ వాహన వ్యాపారం

కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల్లో కొత్త బండి షోరూం గేటు దాటాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు దొరకాలి: జమానతు ఎవరు? ధర, మైలేజీ ఆ తర్వాతి మాట. ఇక్కడి కారు, ట్రాక్టర్ డీలర్‌షిప్ చాలావరకు ఇంటిల్లిపాదీ నడిపే వ్యాపారం. తండ్రి గల్లా మీద కూర్చుంటే ఒక కొడుకు షోరూం, ఇంకో కొడుకు వర్క్‌షాపు చూసుకుంటారు. ఈ వ్యాపారాన్ని కంపెనీల పేర్లతో కాక, పూచీ ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందన్న వరుసలో చదివితే ఈ ప్రాంత సామాజిక చరిత్ర బయటపడుతుందన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

సర్కారు బస్సు

కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు మార్గం పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల మీదుగా సాగి కరీంనగర్ పట్టణాన్ని పక్కన వదిలేసింది. ఊరికి రోడ్డే దిక్కయింది. ఆ రోడ్డు మీదికి ప్రభుత్వం ముందే వచ్చింది. 1932 జూన్ 15న నిజాం రైల్వే 27 బస్సులు, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా విభాగాన్ని మొదలుపెట్టింది. దాంతో కోస్తాలో కనిపించే ప్రైవేటు బస్సు యజమానుల వర్గం ఇక్కడ అంతగా ఎదగలేదు. సొంత బండి గిరాకీ సాగునీటి వెంట వచ్చింది.

పట్టా మీద ట్రాక్టర్

1963 జులై 26న పోచంపాడు ప్రాజెక్టుకు నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఆ ప్రాజెక్టు కాకతీయ కాలువ కరీంనగర్ మెట్ట చేలకు నీళ్లు తెచ్చింది. 1969లో 14 బ్యాంకులు జాతీయం కావడంతో వ్యవసాయ రుణాలకు దారి పెరిగింది. ట్రాక్టర్ అప్పుకు పట్టా భూమే కుదువ. పంట చేతికొచ్చే కాలానికి కిస్తీ. కాబట్టి తొలి కొనుగోలుదారులు భూమి గలవాళ్లే. భూమి లేనివాళ్లకు అదే ట్రాక్టర్ మీద దొరికింది డ్రైవర్ సీటు.

బ్యాంకు లెక్క పక్కనే ఇంకో లెక్క నడిచింది. నాట్ల మీద ఉండగా క్లచ్ ప్లేటు పోతే రైతు దగ్గర పైసలుండవు; బురద పొలంలో బండి ఆగితే కూలీల పూట పోతుంది. అప్పుడు సామాను ఉద్దెరకు ఇచ్చేది డీలరే. పుస్తకంలో రాసుకునేది పేరు, ఊరు, బాకీ మాత్రమే. మిగతాది ఆ ఇంటి తండ్రీతాతలను ఎరిగి ఉండడం. కంపెనీ ఇవ్వలేని ఈ సేవే కుటుంబ డీలర్ బలం. అయితే ఆ ఎరుకలో కులం, భూమి కూడా కలిసి ఉండేవి.

జీతం, గల్ఫ్ పైసలు

1983 డిసెంబర్ 14న మారుతి 800 తొలి కారు ఢిల్లీలో చేతులు మారింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు నిబంధన తొలగింది. అప్పటికే గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనుల్లో, రామగుండం ఎన్‌టీపీసీలో నెల జీతం అందుకునే కుటుంబాలు స్థిరపడ్డాయి. జగిత్యాల, సిరిసిల్ల పల్లెల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్లు ఇంటికి పైసలు పంపుతున్నారు. పట్టా చేసిన పనిని జీతం చీటీ చేయసాగింది. కొత్త బండి కొండగట్టు అంజన్న దగ్గర ఆగుతుంది: బానెట్ మీద పసుపు కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ. అరబ్బు దేశంలో కష్టపడిన కొడుకు సంపాదన ఊరివాళ్ల కంటికి కనిపించేది ఆ పూటే.

ఏజెన్సీ లెక్క వేరు

ఆదిలాబాద్ ఏజెన్సీలో ఈ పద్ధతి సాగదు. 1970లో సవరించిన భూబదలాయింపు చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు. గోండు రైతు భూమిని ప్రైవేటు షావుకారు కుదువ పెట్టుకోలేడు. చట్టం భూమిని కాపాడింది. అదే కారణంగా షావుకారు అప్పుతో బండి కొనే దారి సన్నబడింది. ఉట్నూరు, ఆసిఫాబాద్ వైపు అంగడికి పోయేవాళ్లకు కిక్కిరిసిన షేర్ జీపే సొంత బండి లాంటిదయింది.

పూచీ అడగని కొనుగోలు

2021 ఆగస్టు 16న హుజూరాబాద్ మండలం శాలపల్లిలో దళిత కుటుంబాలకు ప్రభుత్వ సాయంగా దళితబంధు పథకం మొదలైంది. కుటుంబానికి 10 లక్షల రూపాయలు. తిరిగి కట్టే పని లేదు, బ్యాంకు పూచీ లేదు. లబ్ధిదారుల్లో చాలామంది కార్లు, ట్రాక్టర్లు, సరుకు రవాణా బండ్లు ఎంచుకున్నారు. వాళ్లందరి బండ్లూ గిట్టుబాటు అయ్యాయా అన్నది వేరే చర్చ. షోరూం చరిత్రలో మాత్రం ఇది మలుపు.

ముగింపు

ఇప్పుడు జమానతు స్థానంలో సిబిల్ స్కోరు కూర్చుంది. దానికి కులం పట్టదు, కరువూ పట్టదు. పాత డీలర్ కరువును ఎరుగును. కిస్తీ తప్పితే ఒక పంట ఆగేవాడు. కానీ ఆ ఓపిక భూమి ఉన్న గడపల దగ్గరే ఎక్కువగా ఆగింది. హుజూరాబాద్‌లో చాలా దళిత కుటుంబాలు పట్టా చూపకుండా, జమానతు తేకుండా బండి తాళంచెవి అందుకున్నది 2021 తర్వాతే.